‘ఏమీ జరగలేదు’ అన్న ప్రేక్షకులు: అడవి క్యాంపింగ్ హారర్ సినిమాపై ఒక ఎడిటర్ కేస్ స్టడీ

చిన్న బడ్జెట్ హారర్ సినిమా ఒకటి నా దగ్గరికి వచ్చేసరికి షూటింగ్ అయిపోయింది, మొదటి కట్ తయారైంది, బయటివాళ్లను కూర్చోబెట్టి ఒక టెస్ట్ స్క్రీనింగ్ కూడా వేశారు. దర్శకుడు హార్డ్‌డిస్క్‌తో పాటు ప్రేక్షకులు నింపిన ఫారాల కట్ట కూడా నా చేతిలో పెట్టాడు. రీషూట్‌కు డబ్బు లేదు. నటులు వేరే పనుల్లో పడిపోయారు. ఉన్న ఫుటేజ్, సౌండ్, చేతులూ వస్తువులూ మాత్రమే కనిపించే కొన్ని ఇన్సర్ట్ షాట్లు, ఏం చేసినా వీటితోనే చేయాలి. సినిమా పేరు, టీమ్ పేర్లు ఇక్కడ రాయను, అది వాళ్లతో నా ఒప్పందం. ప్రేక్షకులు ఏమన్నారు, ఆ మాటల్ని మేమెలా చదివాం, ఏ సీన్ ఎలా మారింది అన్నది రాయడానికి మాత్రం దర్శకుడు సంతోషంగా ఒప్పుకున్నాడు. ఇలాంటి సినిమా తీసి, చేతిలో తిట్ల కట్ట పట్టుకుని కూర్చున్నవాళ్లకు ఇది పనికొస్తుందని నా నమ్మకం.

కథ చిన్నది. ఇద్దరు స్నేహితులు, వాళ్లలో ఒకడి చెల్లెలు. అడవి దారి ఆగిపోయిన చోట కారు వదిలేసి, వాగు దాటి, లోపలికి నడిచి టెంట్ వేసుకుంటారు. మొదటి రాత్రి చిన్న చిన్న వస్తువులు చోటు మారతాయి. మర్నాడు స్నేహితుడు కట్టెల కోసం వెళ్లి తిరిగి రాడు. రెండో రాత్రి టెంట్ బయట ఏదో తిరుగుతుంది. అది మనిషా, మరొకటా అన్నది సినిమా చెప్పదు. తెల్లవారుజామున చెల్లెలు ఒక్కతే కారు దాకా చేరుతుంది.

తక్కువ డబ్బున్నవాళ్లు ఇలాంటి కథ ఎందుకు ఎంచుకుంటారో తెలిసిందే. సెట్ అక్కర్లేదు, ముగ్గురు నలుగురు నటులు చాలు, రాత్రి చాలా లోపాల్ని కప్పేస్తుంది. అయితే షూటింగ్‌లో కలిసొచ్చినవే ఎడిటింగ్‌లో ఎదురు తిరుగుతాయి. ఇంట్లో జరిగే దెయ్యం కథలో వంటగది వేరు, మేడమెట్లు వేరు. పాత్ర ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది. అడవిలో ఏ చెట్టు చూసినా ఒకేలా ఉంటుంది.

ఫారాల్లో ఏముంది

టెస్ట్ స్క్రీనింగ్ ఫారంలో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: సినిమా అద్భుతం, చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు, బాగాలేదు, వీటిలో ఏది? రెండోది, స్నేహితులకు చూడమని చెప్తారా? మొదటి రెండు గడుల్లో టిక్కులు ఎన్ని పడ్డాయో లెక్కేసి సినిమా జాతకం చెప్పేస్తారు. హారర్ విషయంలో ఈ లెక్కను నేను పెద్దగా నమ్మను. అమెరికాలో సినిమాస్కోర్ అనే సంస్థ విడుదల రోజే థియేటర్ నుంచి బయటికొచ్చేవాళ్ల చేత గ్రేడ్లు వేయిస్తుంది. అడవి హారర్ సినిమాల్లో అందరికీ పెద్దన్న లాంటి ‘ద బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’కు 1999లో అక్కడ పడింది సీ ప్లస్, అంటే సాదాసీదా గ్రేడే. విమర్శకుల్లో ఎక్కువమంది మెచ్చుకున్నారు, ప్రపంచవ్యాప్తంగా దాదాపు 24.8 కోట్ల డాలర్లు వసూలు చేసింది. అదే సినిమాలో హీరోయిన్‌గా చేసిన అమ్మాయికి చెత్త నటికిచ్చే ‘రాజీ’ (గోల్డెన్ రాస్ప్‌బెర్రీ) అవార్డు కూడా అంటగట్టారు. ఆ అమ్మాయికి అది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. ఆ భయం అంత సహజంగా ఉండబట్టే చూసేవాళ్లకు చిరాకు కలిగింది. భయపడ్డ మనిషి హాల్లోంచి బయటికి రాగానే మంచి మార్కులు వేస్తాడని ఎవరూ చెప్పలేరు. నన్నెందుకిలా కూర్చోబెట్టారన్న కోపం కూడా ఆ మార్కుల్లో కలిసే ఉంటుంది.

అందుకని టిక్కులు పక్కన పెట్టి, చేత్తో రాసిన వాక్యాలు తీసుకున్నాను. ఒక్కో వాక్యం సినిమాలో ఏ నిమిషం గురించి మాట్లాడుతోందో చూసి, టైమ్‌లైన్ మీద అక్కడ మార్కర్ పెట్టుకుంటూ పోయాను. ఎక్కువగా వచ్చినవి ఇవి. ‘ఫస్టాఫ్‌లో ఏమీ జరగలేదు’. ‘కారెక్కి వెళ్లిపోవచ్చుగా?’ ‘అంతా చీకటి, ఏమీ కనపడలేదు’. ‘జిప్ సీన్ సాగదీశారు’. ‘చివర్లో ఆ లైట్ ఏంటో అర్థం కాలేదు’. చెల్లెలి పాత్ర చేసిన అమ్మాయిని మాత్రం దాదాపు అందరూ మెచ్చుకున్నారు. తిట్టినవాళ్లు కూడా.

నిర్మాత దగ్గర అప్పటికే మందులు సిద్ధంగా ఉన్నాయి. ఫస్టాఫ్‌లో 10 నిమిషాలు లేపేయడం, మొదటి రాత్రి ఒక జంప్ స్కేర్ (ఉలిక్కిపడేలా చేసే షాట్) పెట్టడం, డీఐలో, అంటే రంగులు, వెలుగు సరిచేసే దశలో, రాత్రి సీన్లన్నీ వెలుగు పెంచడం, క్లైమాక్స్‌లో ఆ బయట తిరిగేదాన్ని చూపించడం. ప్రేక్షకుడు ఎక్కడ నొప్పి అన్నాడో సరిగ్గా అక్కడే కత్తి పెట్టాలన్నమాట. ప్రేక్షకుడు నొప్పి గురించి అబద్ధం చెప్పడు. కానీ నొప్పి పుట్టిన చోటు చాలాసార్లు అంతకు ముందు సీన్లలో ఉంటుంది, అది అతనికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. అది వెతకడం మన పని. ఈ సినిమాలో దాదాపు ప్రతి ఫిర్యాదు విషయంలోనూ అదే తేలింది.

మ్యాప్ గీయమన్నాం

‘ఏమీ జరగలేదు’ అన్నమాట నన్ను ఎక్కువగా తొలిచింది. ఎందుకంటే జరుగుతోంది. రాత్రి నిప్పు దగ్గర వదిలేసిన గిన్నె ఉదయానికి వాగు ఒడ్డున ఉంటుంది. బట్టలు ఆరేసిన తాడు టెంట్‌కు అవతలి వైపు కట్టి ఉంటుంది. తీసినవాళ్లకు ఇవి గుండె జారే విషయాలు. చూసినవాళ్లకు ఒక గిన్నె, ఒక తాడు.

సినిమా గురించి ఏమీ తెలియని కొద్దిమందికి మొదటి కట్‌లోని మొదటి అరగంట చూపించి, తెల్లకాగితం ఇచ్చి, టెంట్, వాగు, కారు, నిప్పు ఎక్కడెక్కడున్నాయో గీయమన్నాం. ఏ రెండు కాగితాలూ కలవలేదు. ఒకరు వాగును టెంట్ వెనక పెట్టారు, ఒకరు ముందు పెట్టారు. కారు టెంట్ పక్కనే ఉందనుకున్నవాళ్లు చాలామంది. దర్శకుడు ఆ కాగితాలు చూసి, “అన్నా, వీళ్లు చూసింది నా సినిమాయేనా?” అన్నాడు.

తాడు మొదట ఏ వైపు ఉందో తెలియనివాడికి, అది వైపు మారితే ఏం భయం? కారు పక్కనే ఉందనుకుంటున్నవాడికి వీళ్లు పారిపోకపోవడం మూర్ఖత్వంలా కనిపించదా మరి? బోర్ అన్నా, లాజిక్ లేదన్నా, రెండూ ఒకే గుంటలోంచి వచ్చిన ఫిర్యాదులు.

రషెస్‌లో, అంటే షూట్ చేసిన మొత్తం ఫుటేజ్‌లో, కారు దగ్గర్నుంచి నడిచే షాట్లు బోలెడు ఉన్నాయి. మొదటి కట్‌లో వాటిని మ్యూజిక్ మీద ముక్కలు ముక్కలుగా, చూడ్డానికి అందంగా ఉన్న వరసలో పేర్చారు. వాటిని తీసేసి, నడక నిజంగా జరిగిన వరసలో పెట్టాం. కారు, ఎర్రమట్టి దారి, దారి ఆగిపోవడం, వాగులో మోకాలి లోతు నీళ్లు, అవతలి గట్టు, పడిపోయిన పెద్ద చెట్టు, దాని తర్వాత టెంట్. ఫ్రేమ్‌లో వాళ్లు ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే నడుస్తారు. కుడి నుంచి ఎడమకు వెళ్తున్నారంటే కారు వైపు వెళ్తున్నారని అర్థం. ఈ నియమాన్ని చివరిదాకా తప్పలేదు. దానికోసం రెండు మంచి షాట్లను అద్దంలోలా తిప్పాల్సి వచ్చింది, ఒకదాన్ని వదులుకోవాల్సి వచ్చింది. నడక భాగం నిడివి తగ్గలేదు, కాస్త పెరిగింది కూడా. రెండో స్క్రీనింగ్‌లో ఆ భాగం గురించి ల్యాగ్ అన్నవాళ్లు చాలా తగ్గారు.

జిప్

సినిమా మొత్తానికి ప్రాణం లాంటి సీన్ ఇది. రెండో రాత్రి అన్నాచెల్లెళ్లు టెంట్‌లో లైట్లు ఆర్పేసి పడుకుని ఉంటారు. బయట నుంచి ఎవరో టెంట్ జిప్ తీయడం మొదలుపెడతారు. నెమ్మదిగా, పన్ను పన్నూ దాటుకుంటూ. కెమెరా కదలదు. చాలాసేపు నడుస్తుంది. ఫారాల్లో ‘సాగదీశారు’ అన్నది దీన్నే. నిర్మాత సగానికి కోసేయమన్నాడు.

కోసే ముందు ఆ టెంట్ కనిపించే రషెస్ మొత్తం ఒకసారి తిరగేశాను. మొదటి రోజు పగటి సీన్‌లో, ల్యాగ్ అని తీసి పడేసిన ఒక ముక్క దొరికింది. స్నేహితుడు టెంట్ మూయబోతుంటే జిప్ మలుపు దగ్గర ఇరుక్కుంటుంది. బలంగా లాగుతాడు, రాదు. చెల్లెలు వచ్చి, మలుపు దగ్గర గుడ్డను రెండు వేళ్లతో నొక్కిపట్టి, జిప్‌ను కొంచెం వెనక్కి తీసి, మళ్లీ ముందుకు లాగుతుంది. సాఫీగా వచ్చేస్తుంది. “ఇక్కడ నొక్కిపట్టుకోవాలి, లేకపోతే రాదు” అంటుంది. అంతే సీన్.

రాత్రి షాట్‌ను ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూశాను. జిప్ పైకి వస్తుంది, మలుపు దగ్గర ఆగుతుంది. నిజంగానే ఇరుక్కుంది. బయట నిలబడి తీస్తున్న అసిస్టెంట్ షాట్ పాడవకూడదని గుడ్డను వేళ్లతో నొక్కాడు. టెంట్ గుడ్డ మీద లోపలి వైపుకు రెండు చిన్న ఉబ్బులు కనిపిస్తాయి. జిప్ కొంచెం కిందికి జారి, మళ్లీ పైకి కదులుతుంది.

పగటి సీన్ తిరిగి పెట్టాం. రాత్రి షాట్‌లో ఒక్క ఫ్రేమ్ కూడా కోయలేదు. జిప్ ఆగిన చోట ఫోలీలో (స్టూడియోలో విడిగా చప్పుళ్లు చేసి రికార్డు చేసే పనిలో) గుడ్డ బిగుసుకునే చప్పుడు మాత్రం కలిపాం, అదీ చాలా సన్నగా. ఇప్పుడు ఆ ఉబ్బులు కనిపించగానే హాల్లో ఊపిరి బిగబట్టడం స్పష్టంగా వినిపించింది. బయటున్నది ఎవరైనా కానీ, ఈ టెంట్ గురించి దానికి తెలుసు. పగలు వీళ్లను చూస్తూ ఉండిపోయింది. లేదా అది వాళ్ల స్నేహితుడే. రెండో స్క్రీనింగ్ ఫారాల్లో జిప్ సీన్ గురించి రాసినవాళ్లలో నిడివి మాటెత్తినవాళ్లు లేరు. ఎవరది అన్న వాదన మాత్రం నడిచింది.

కారు, వాగు, తెలిసినవాళ్ల కోపం

క్యాంపింగ్ సినిమాలకు మాత్రమే ఉండే ఒక రకం ప్రేక్షకులున్నారు, నిజంగా అడవుల్లో టెంట్ వేసుకునేవాళ్లు. వాళ్లకు ఒక్క తప్పు కనబడితే చాలు, మిగతా సినిమా అంతా ఎగ్జామ్ పేపర్ దిద్దుతూ చూస్తారు. ఈ సినిమాలో టెంట్ వాగుకు మరీ దగ్గరగా, పల్లంలో ఉంది. ఎగువన వాన పడితే, ఇక్కడ చుక్క పడకపోయినా వాగు పొంగొచ్చు. కొంచెం అనుభవం ఉన్నవాళ్లెవరూ అక్కడ టెంట్ వేయరు. ఒకాయన ఫారం వెనక వైపు మొత్తం దీని గురించే రాశాడు. ఆయన రాసినదాంట్లో ప్రతి ముక్కా కరెక్టే. లొకేషన్ మార్చడం కుదరదు.

అయితే సినిమాకు తెలియకపోవడం వేరు, పాత్రకు తెలియకపోవడం వేరు. అన్నాచెల్లెళ్లు వీపులు చూపిస్తూ వాగు వైపు చూసే షాట్ ఒకటి ఉంది. దాని మీద రెండు డైలాగులు డబ్బింగ్ చేయించాం. “అన్నయ్యా, రాత్రి నీళ్లు పెరిగితే?” “ఈ కాలంలో ఎందుకు పెరుగుతాయే.” దాంతో తప్పు అన్నయ్యదైపోయింది.

షూటింగ్‌లో ఒక సాయంత్రం నిజంగానే వాన పడింది. పని ఆగిపోతే కెమెరామన్ ఊరికే ఉండలేక, పొంగుతున్న వాగును తీసి పెట్టుకున్నాడు. ఏ సీన్ కోసమూ కాదు. ఆ షాట్లను రెండో రోజు సాయంత్రంలో పెట్టాం. ‘కారెక్కి వెళ్లిపోవచ్చుగా’ అన్న ప్రశ్నకు జవాబు దొరికింది. కారు ఎక్కడుందో ఇప్పుడు ప్రేక్షకుడికి తెలుసు, మధ్యలో వాగు ఉందని తెలుసు, అది దాటే పరిస్థితి లేదని కళ్లతో చూశాడు. ఎందుకు వెళ్లలేకపోతున్నారో పాత్రల చేత చెప్పించాల్సిన పనే పడలేదు.

చీకటి, చప్పుడు

‘ఏమీ కనపడలేదు’ అన్న ఫిర్యాదులో సగం సాంకేతికం. చీకటి చేసిన గ్రేడింగ్ గదిలో మంచి మానిటర్ మీద డీఐ చేస్తారు. థియేటర్ ప్రొజెక్షన్‌లో తెలుపు వెలుగుకు ప్రమాణం 48 నిట్స్ (తెర వెలుగును కొలిచే యూనిట్), ఇంటి తెరలకు మామూలు మాస్టరింగ్ 100 నిట్స్ దగ్గర చేస్తారు. ఈ రెంటికీ వేరువేరు పాస్, అంటే విడివిడిగా గ్రేడింగ్, చేయాలి. ఇక్కడ ఒకటే చేసి రెంటికీ వాడారు. పైగా లైట్లు వేసి ఉన్న గదిలో టీవీ నలుపు మీద గది ప్రతిబింబం పడి, నీడల్లోని వివరమంతా మింగేస్తుంది. స్ట్రీమింగ్ కంప్రెషన్ నీడల దగ్గరే ఎక్కువ పొదుపు చేస్తుంది కాబట్టి ఉన్నది కాస్తా గళ్లుగళ్లుగా విడిపోతుంది. ఇంటి తెరల కోసం వేరే పాస్ చేసి, సన్నటి గ్రెయిన్ (ఫిల్మ్ మీద కనిపించేలాంటి నూగు) కలిపాం.

మిగతా సగం అసలు వెలుగు గురించి కాదు. మొత్తం వెలుగు పెంచితే అడవి కాస్తా తోటలా కనిపిస్తుంది, ఉన్న భయం కూడా పోతుంది. ప్రతి రాత్రి ఫ్రేమ్‌లో కంటికి పట్టుకోవడానికి ఒక్క వెలుగు ముక్క ఉండేలా చూశాం. నిప్పు కణికలు, టెంట్ అంచు, తలకు కట్టుకునే హెడ్‌ల్యాంప్ వెలుగు పడిన ఆకులు. ఒకటి కనబడితే మిగతా నలుపు దానంతటది లోతు తెచ్చుకుంటుంది. ఏమీ కనబడకపోతే ప్రేక్షకుడు తెరనే చూస్తాడు, అడవిని చూడడు.

సౌండ్ గురించి ఫారాల్లో ఒక్క ముక్క లేదు. ప్రేక్షకులు సౌండ్‌ను పేరు పెట్టి తిట్టడం అరుదు. కానీ మొదటి కట్‌లో కీచురాళ్ల రొద ఒకటే లూప్, రాత్రంతా అదే. పైన గట్టి ఆర్‌ఆర్ (నేపథ్య సంగీతం). ముందు ఆర్‌ఆర్ చాలాచోట్ల తీసేశాం. కీచురాళ్లను దగ్గరివి, దూరానివి అని వేరు చేసి, ఎడమకు కొన్ని, కుడికి కొన్ని పరిచాం. అడుగుల అలికిడైతే దగ్గరి కీచురాళ్లు గప్‌చుప్ అయిపోతాయి, దూరంగా ఉన్నవి అరుస్తూనే ఉంటాయి. జిప్ సీన్‌కు ముందు ఎడమవైపు దగ్గరివి మాత్రమే ఆపేశాం. తెర మీద ఏమీ మారదు. రెండో స్క్రీనింగ్‌లో ఒకరు ‘టెంట్ ఎడమ పక్కన ఎవరో ఉన్నట్టు ముందే అనిపించింది’ అని రాశారు. ఆ వాక్యం చదివి మా సౌండ్ ఇంజినీర్ పొందిన ఆనందం నాకు బాగా గుర్తు. ఇంకొకటి కూడా చేశాం, ఎవరికీ తెలియకపోయినా. చలి పెరిగేకొద్దీ కీచురాయి అరుపు నెమ్మదిస్తుంది. ఈ సంబంధాన్ని అమోస్ డోల్‌బేర్ అనే శాస్త్రవేత్త 1897లోనే లెక్క కట్టి రాశాడు. అందుకని తెల్లవారుజాము దగ్గర పడేకొద్దీ వాటి లయ తగ్గిస్తూ వచ్చాం. ఎందుకో తెలియకుండానే రాత్రి బరువెక్కుతుంది.

క్లైమాక్స్

చెల్లెలు కారు చేరుతుంది. బానెట్ మీద ఒక హెడ్‌ల్యాంప్ వెలుగుతూ ఉంటుంది. సినిమా అక్కడ ఆగిపోతుంది. ‘అర్థం కాలేదు’ అన్నవాళ్లకు ఆ బయట తిరిగేదాన్ని చూపిస్తే సరిపోతుందని నిర్మాత వాదన. బ్లెయిర్ విచ్ టీమ్‌కు కూడా సరిగ్గా ఇదే సమస్య వచ్చింది. 1997 అక్టోబర్‌లో మేరీలాండ్ అడవుల్లో తీసిన ఆ సినిమాను 1999 జనవరిలో సన్‌డాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో చూసి, ఆర్టిజాన్ సంస్థ 11 లక్షల డాలర్లకు కొనుక్కుంది. టెస్ట్ ప్రేక్షకులు భయపడ్డారు గానీ ముగింపు అర్థం కాలేదన్నారు. వేరే ముగింపులు కూడా తీసి చూశారు. చివరికి పాత ముగింపునే ఉంచి, సినిమా మొదట్లో ఊరివాళ్ల ఇంటర్వ్యూల్లో చివరి షాట్‌లో ఒక పాత్ర గోడ మూలకు ముఖం పెట్టి ఎందుకు నిలబడి ఉందో తెలిపే ఒక వివరణ చేర్చారు. ముగింపు బాగుపడింది మొదటి రీల్‌లో. నిర్మాతను ఒప్పించడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

మన సినిమాలో చిక్కు ఏంటంటే, ముగ్గురివీ ఒకేలాంటి హెడ్‌ల్యాంపులు. బానెట్ మీద ఉన్నది ఎవరిదో ఎలా తెలుస్తుంది? రెండు ఇన్సర్ట్‌లు తీశాం. మొదటి సాయంత్రం స్నేహితుడి చేతులు, తెగిన హెడ్‌ల్యాంప్ పట్టీకి ఎర్ర టేపు చుడుతూ. చివర్లో బానెట్ మీద ఎర్ర టేపున్న హెడ్‌ల్యాంప్. షాట్‌లో ముఖాలు లేవు కాబట్టి నటులు లేకపోయినా ఇబ్బంది రాలేదు.

రెండో స్క్రీనింగ్ తర్వాత జనం బయట గుంపులుగా నిలబడి మాట్లాడుకున్నారు. ‘ఆ లైట్ ఎవరిది’ అన్న ప్రశ్న పోయింది, ‘అక్కడ ఎవరు పెట్టారు’ అన్న ప్రశ్న వచ్చింది. మొదటిది గందరగోళం. రెండోదాన్ని మనిషి ఇంటికి తీసుకెళ్తాడు. ముగింపు నచ్చలేదన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. నచ్చకపోవడానికి ఈసారి వాళ్ల దగ్గర అర్థమైన కారణం ఉంది.

ఓటీటీలో విడుదలయ్యాక వచ్చిన అభిప్రాయాలు కూడా వరసగా చదివాను. పగటిపూట ఫోన్‌లో చూసినవాళ్లు చీకటి గురించి మళ్లీ ఫిర్యాదు చేశారు. దానికి మేం చేయగలిగింది చేసేశాం, ఇంకా వెలుగు పెంచితే రాత్రి చూసేవాళ్లకు సినిమా మిగలదు. నిదానంగా ఉందన్నవాళ్లు ఉన్నారు, అది నిదానమైన సినిమానే. వీపుల మీద వేసిన డబ్బింగ్‌ను పట్టేసినవాళ్లూ ఉన్నారు, వాళ్ల చెవులకు దండం పెట్టాలి. టెంట్ దగ్గర నిప్పు మరీ అంత దగ్గరగా వేస్తారా అని క్యాంపింగ్ చేసేవాళ్లు మళ్లీ కోప్పడ్డారు. ఆ నిప్పు అన్ని వైడ్ షాట్లలోనూ ఉంది, దాన్ని కదపలేం. జిప్ సీన్ గురించి మాత్రం తెలియనివాళ్లు తెలియనివాళ్లతో ఇప్పటికీ వాదించుకుంటున్నారు. అది స్నేహితుడి చెయ్యే అని కొందరు, కాదని కొందరు. దర్శకుడి దగ్గర దానికి జవాబు ఉంది. ఎవరికీ చెప్పొద్దని నేను గట్టిగా అడిగాను, ఇంతవరకూ చెప్పలేదు.